మిషను మిద్దె మీద, మైకు మండువాలో

ప్రశ్న: మాది కావలి. అత్తగారిది పాత మండువా ఇల్లు, వెనక భాగంలో మేము మిద్దె వేసుకున్నాం. మిద్దె మీద గదిలో కంప్యూటర్, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు నుంచి వచ్చేదాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె), ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. మా అత్తగారికి 78 ఏళ్లు. తిరగలి పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు లెక్కలేనన్ని వచ్చు. ఆమె మెట్లెక్కలేరు. ఎక్కించినా ఆ గదిలో ఆమెకు పాట నోటికి రాదు, తిరగలి ముందు కూర్చుంటేనే వస్తుంది. అందుకని కాలర్ మైకుకు 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు కొని కిందికి లాగాను. పాట కంటే ‘జుయ్’ మనే మోతే ఎక్కువ పడింది. ఐదు మీటర్లు దాటితే సౌండు పడిపోతుందని షాపతను అన్నాడు. కార్డ్‌లెస్ కొనమని ఇంకొకరు అంటున్నారు. మా వారి వీణకు పికప్ (తంత్రుల నాదాన్ని పట్టి వైరులోకి పంపేది) ఉంది, దాన్నీ కిందే రికార్డు చేయాలని ఉంది. ఎంత దూరం లాగొచ్చు, ఏ వైరు కొనాలి, కింద కూర్చుని వినేదెలా?

సమాధానం: ముందు ఒక మాట. వైర్లు వచ్చి, పిన్నులు అతికి, అన్నీ కుదిరేసరికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆగకండి. ఈ రోజే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, అత్తగారికి మూరెడు దూరంలో మడిచిన తువ్వాలు మీద ఉంచి, రికార్డర్ ఆన్ చేసి పాడించండి. మంచి రికార్డింగు తర్వాత చేసుకోవచ్చు. పాట మాటలు, చరణాల వరుస మాత్రం ఇవాళే మీ దగ్గర పడాలి.

ఇక వైరు సంగతి. మీ ఇంట్లో ఏ మూలకైనా, పెరట్లో వేపచెట్టు కిందికైనా, మైకు వైరు నిక్షేపంగా లాగొచ్చు. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ సౌండు సిస్టమ్ పెట్టేవాళ్లు స్టేజీ నుంచి మిక్సర్ దాకా 30, 50 మీటర్లు రోజూ లాగుతూనే ఉంటారు. మీ కాలర్ మైకు మోగింది పొడవు వల్ల కాదు, వైరు జాతి వల్ల. షాపతను చెప్పిన ఐదు మీటర్ల లెక్క కూడా అబద్ధమేమీ కాదు. అది యూఎస్‌బీ వైరుది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటితే కంప్యూటర్ పరికరాన్ని సరిగా గుర్తుపట్టదు, మధ్యమధ్యలో తెగిపోతుంది. కాబట్టి యూఎస్‌బీ మైకు కొని దానికి పొడవాటి వైరు తగిలించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఇంటర్‌ఫేస్ పైన కంప్యూటర్ పక్కనే ఉండాలి, కిందికి దిగాల్సింది మైకు వైరు.

కాలర్ మైకు వైరులో పాట మోసే తీగ ఒక్కటే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న జాలీయే (షీల్డ్) తిరుగుదారి కూడా. గోడల్లోని 230 వోల్టుల వైరింగు నుంచి, ఫ్యాను రెగ్యులేటర్ నుంచి, ఇన్వర్టర్ నుంచి ఆ జాలీకి ఏ మోత అంటుకుంటే అది నేరుగా పాటలో కలిసిపోతుంది. మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క, దాని పక్కన ఈ మోత ఏనుగంత. పైగా 15 మీటర్లు.

కండెన్సర్ మైకుకు ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో, మన సౌండు వాళ్లు క్యానన్ పిన్ అనే దాంట్లో, పద్ధతి వేరు. 1వ పిన్ను జాలీకి, 2, 3 పిన్నులు లోపలి రెండు తీగలకు. పాట ఉండేది ఆ రెండు తీగల మధ్య తేడాలో. కావడి తలుచుకోండి. రెండు కుండల్లోనూ ఒకేసారి చెంబెడు చెంబెడు నీళ్లు పోస్తే బద్ద ఏ పక్కకూ ఒరగదు. బయటి మోత పక్కపక్కనే మెలివేసి ఉన్న రెండు తీగలకూ ఒకేలా అంటుకుంటుంది. ఇంటర్‌ఫేస్ ఆ రెంటి తేడానే తీసుకుంటుంది కాబట్టి మోత కొట్టుకుపోయి పాట మిగులుతుంది. దీన్నే బ్యాలన్స్‌డ్ లైను అంటారు.

మరి పొడవు పెరిగితే స్వరంలో తళుకు తగ్గదా? ఈ రకం వైరుకు మీటరుకు సుమారు 100 పికోఫ్యారడ్ కెపాసిటెన్స్ (పైస్వరాన్ని మింగే గుణం) ఉంటుంది. మైకు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) 150 నుంచి 200 ఓమ్‌లు. 40 మీటర్లు లాగినా కోత మొదలయ్యేది దాదాపు 2 లక్షల హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవికి వినపడేది 20,000 దాకానే. కండెన్సర్ మైకు పనిచేయడానికి ఇంటర్‌ఫేస్ అదే వైరులో పంపే కరెంటు, ఫాంటమ్ పవర్, కూడా అంతే. 48 వోల్టులు 6,800 ఓమ్‌ల రెసిస్టర్ల గుండా వస్తాయి, వైరు అడ్డం పెట్టేది నాలుగైదు ఓమ్‌లు. మైకుకు అది తెలియను కూడా తెలియదు.

రెండు మైకులకు ఒకే కొలత వైర్లు ఉండాలని కొందరు చెబుతారు. అక్కర్లేదు. వైరులో 20 మీటర్లు దాటడానికి సిగ్నల్‌కు పట్టేది సెకనులో కోటో వంతు. అదే గాల్లో ఒక్క అడుగు దాటడానికి శబ్దానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. తేడా వచ్చేది మైకును ఎక్కడ పెట్టారన్న దాంట్లోనే.

వీణ లెక్క వేరు, ఆ విషయంలో జాగ్రత్త. పికప్ నుంచి పి-38 జాక్‌తో (పావంగుళం లావు పిన్నుతో) వచ్చే వైరు బ్యాలన్స్‌డ్ కాదు, దాని ఇంపెడెన్స్ కూడా వేలల్లో ఉంటుంది. 10,000 ఓమ్‌ల పికప్‌కు 20 మీటర్లు తగిలిస్తే 8,000 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచే పైస్వరం కోసుకుపోతుంది. మీటు వేళ్ల చప్పుడు, తంత్రి మెరుపు పోయి దుప్పటి కప్పినట్టు వినపడుతుంది. కుండ మీద అతికించే పియెజో బిళ్ల అయితే తళుకు పోదు కానీ పొడవు కొద్దీ శబ్దమే నీరసిస్తుంది. రెంటికీ మందు ఒకటే, డీఐ బాక్సు, అంటే పికప్ సిగ్నల్‌ను మైకు వైరులో పోయే బ్యాలన్స్‌డ్ సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె. వీణ నుంచి డీఐ దాకా 2, 3 మీటర్లకు మించని జాక్ వైరు, డీఐ నుంచి పైదాకా మామూలు మైకు వైరు. పియెజో పికప్‌కు ఫాంటమ్‌తో నడిచే యాక్టివ్ డీఐ తీసుకోండి, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కనీసం 10 లక్షల ఓమ్‌లు, అంటే 1 మెగాఓమ్, ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఉన్న చవక డీఐ పెడితే పియెజోలో మంద్రస్థాయి పలచబడుతుంది.

కార్డ్‌లెస్ గురించి ఎక్కువ చెప్పను. మీకు కావాల్సింది తిరిగే మనిషికి మైకు కాదు, కూర్చుని పాడే మనిషికి. మందపాటి పాత గోడలు, వైఫై రద్దీ, పాట మధ్యలో అయిపోయే బ్యాటరీ, ఇవన్నీ డబ్బిచ్చి తెచ్చుకోవడం ఎందుకు?

కొనేముందు కొలవండి. గజాలు అడుగులతో నేల మీద కాదు, వైరు నడిచే దారి వెంట. చేంతాడో పురికొసో తీసుకుని ఇంటర్‌ఫేస్ దగ్గర మొదలుపెట్టి గుమ్మం పక్కన పైకి, మెట్ల అంచు వెంట కిందికి, వసారా గోడ వారగా మండువా దాకా నడవండి. దానికి 3 మీటర్లు కలపండి. 2 మీటర్లు మైకు దగ్గర సడలు, 1 మీటరు పైన. మీ ఇంటి వివరం చూస్తే 20, 22 మీటర్లు తేలొచ్చు. ఆ లెక్కన 100 మీటర్ల చుట్ట ఒకటి తీసుకుంటే ఇలా సరిపోతుంది: 25 మీటర్ల ముక్కలు మూడు, రెండు మైకులకు రెండు, వినడానికి ఒకటి. పెరట్లోకి పొడిగించుకోవడానికి 10 మీటర్లవి రెండు. మిగిలిన 5 మీటర్లలో చెయ్యి తిరగడానికి కొంత, హెడ్‌ఫోన్ అడాప్టర్లకు కొంత. పిన్నులు మేల్ ఆరు, ఫిమేల్ ఆరు, స్టీరియో పి-38 జాక్ ఒకటి, స్టీరియో పి-38 సాకెట్ ఒకటి. 50 మీటర్ల ఒక్క ముక్క కంటే ఇలా చేసుకోవడమే మేలు. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుంది, చుట్టడమూ తేలిక.

షాపులో ‘టూ కోర్ షీల్డెడ్ మైకు కేబుల్’ అని అడగండి. నెల్లూరులోనో ఒంగోలులోనో సౌండు సిస్టమ్ వాళ్లు ఎక్కడ కొంటారో కనుక్కుని అక్కడికే వెళ్లండి. టీవీలు, డిష్ వైర్లు అమ్మే చోట సింగిల్ కోర్ అంటగడతారు. చుట్ట కోయించకముందే కొసన రెండు సెంటీమీటర్లు తోలు విప్పి చూడండి. జాలీ తీగలు అల్లినవై, లోపలి ఇన్సులేషన్ కనపడనంత ఒత్తుగా ఉండాలి. చేత్తో వంచితే జాలీ విడిపోయి సందులు కనిపిస్తే వద్దు. అల్యూమినియం రేకు చుట్టినది గోడకు కదలకుండా బిగించే పనికి మంచిదే, రోజూ చుట్టి విప్పే వైరుకు మాత్రం పనికిరాదు, రేకు చిట్లుతుంది. తర్వాత లోపలి ఒక పోగును బ్లేడుతో గీకండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా కనిపిస్తే కళాయి పూసిన రాగి, భేషైన సరుకు. పైన ఎర్రగా ఉండి గీకితే తెల్లగా తేలితే రాగి పూసిన అల్యూమినియం. అది సోల్డర్ సరిగా పట్టదు, నాలుగుసార్లు వంగితే తెగుతుంది. ఎంత చవకైనా దిగబెట్టి వచ్చేయండి.

మీ వైరు ఇన్వర్టర్ పక్కనుంచో మెయిన్ బోర్డు కిందనుంచో తప్పనిసరిగా పోవాల్సి వస్తే, ఆ ఒక్క ముక్కకు స్టార్ క్వాడ్ రకం అడగండి. లోపల నాలుగు తీగలు మెలివేసి ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత మోతను మామూలు దానికంటే బాగా తట్టుకుంటుంది. కెపాసిటెన్స్ మీటరుకు 150 పికోఫ్యారడ్ దాకా ఉంటుంది, మీ దూరాలకు అది లెక్కలోది కాదు. పిన్నుల్లో న్యూట్రిక్, దాని చిన్న బ్రాండు రీన్ నమ్మకమైనవి. మీ ఊరికి తుమ్మలపెంట సముద్రం దగ్గర. ఉప్పు గాలికి నికెల్ పిన్నులు మసకబారి, చిలుమెక్కి చిటచిటలాడతాయి. చేతిలో డబ్బుంటే బంగారు పూత పిన్నులకు పెట్టిన ఖర్చు మన కోస్తాలో దండగ కాదు.

పిన్ను అతకడం ఇంట్లోనే చేసుకోవచ్చు. 25 నుంచి 35 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్, చిన్న వైజు ఉంటే చాలు. అందరూ చేసే తప్పు ఒకటుంది. పిన్ను వెనక తొడుగును, లోపలి ప్లాస్టిక్ బిగింపును ముందుగా వైరుకు ఎక్కించడం మరిచిపోతారు. అతుకులన్నీ అందంగా పెట్టాక అవి బల్ల మీద కనిపిస్తాయి, మళ్లీ అన్నీ ఊడదీయాలి. కాబట్టి మొదటి పని అదే. తర్వాత పైతోలు 20 మిల్లీమీటర్లు తీయండి. జాలీని విప్పి ఒక పక్కకు మెలివేసి, దాని మీద సన్నని హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి బిగుసుకునే గొట్టం) ఎక్కించండి. లేకపోతే దాని పోగొకటి పక్క పిన్నును తాకుతుంది. లోపలి తీగలకు 5 మిల్లీమీటర్లు మాత్రమే తోలు తీసి, మూడింటికీ సోల్డర్ పూయండి. పిన్నుల వెనక ఉన్న చిన్న గిన్నెల్లో కూడా సగం దాకా సోల్డర్ నింపుకోండి. ఇప్పుడు ఐరన్ మొనను గిన్నె బయటి గోడకు ఆనిస్తే లోపలి సోల్డర్ కరిగి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు తీగను అందులో ముంచి ఐరన్ తీసేసి, ఐదు సెకన్లు చెయ్యి కదపకుండా పట్టుకోండి. చల్లారాక మెరుపు కాస్త తగ్గినా నున్నగా ఉంటే అతుకు కుదిరినట్టు. గరుకుగా, బియ్యపు నూకలా ముద్దకట్టి ఉంటే కదిలిందని అర్థం, మళ్లీ కరిగించండి. ఒక్కో గిన్నె దగ్గర మూడు నాలుగు సెకన్లు మించి ఐరన్ ఉంచొద్దు, ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను వాలిపోతుంది.

జాలీ 1కి. రంగు తీగల్లో ఏది 2కో, ఏది 3కో మీ ఇష్టం, కానీ అన్ని వైర్లకూ రెండు కొసల్లోనూ ఒకటే వరుస పాటించండి. ఒక కొసన 2, 3 తారుమారైతే ఆ మైకు ఒంటరిగా బాగానే పలుకుతుంది. రెండో మైకుతో కలిపినప్పుడు మాత్రం గొంతు డొల్లగా, గర్భం లేనట్టు వినపడుతుంది. ఎందుకో తెలియక రోజులు పోతాయి.

అతకడం అయ్యాక మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి 1 నుంచి 1, 2 నుంచి 2, 3 నుంచి 3 బీప్ రావాలి. 1-2, 2-3, 1-3 మధ్య రాకూడదు. కొసల దగ్గర వైరును ఊపుతూ ఇంకోసారి చూడండి. తెగేది ఎప్పుడూ అక్కడే.

ఇప్పుడు దారి. మైకు వైరును కరెంటు వైరు పక్కనే సమాంతరంగా తీసుకెళ్లొద్దు, అడుగైనా ఎడం ఉండాలి. దాటక తప్పని చోట అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి. ఇన్వర్టర్‌కు, ఫ్రిజ్‌కు 2 మీటర్ల దూరం. ఎలక్ట్రీషియన్ ఎవరైనా ‘గోడలో పైపు ఉందిగా, అందులోనే తోసేద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. 230 వోల్టుల వైర్లున్న పైపులో మైకు వైరు పెడితే మోత సంగతి అలా ఉంచి, ఇన్సులేషన్ చెడినప్పుడు ఆ కరెంటు మైకు పట్టుకున్న చేతికి వస్తుంది. శాశ్వతంగా వేయాలనుకుంటే విడిగా 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయించి, పిన్నులు లేని వైరు లాగి, తర్వాత అతుక్కోండి. పిన్నుతో సహా 20 మిల్లీమీటర్ల పైపులోంచి పోదు.

ఇంట్లో నెట్ కోసం క్యాట్ సిక్స్ కేబుల్ ముందే వేసి, అది ఖాళీగా ఉంటే అదీ పనికొస్తుంది. అందులో నాలుగు జతల మెలితీగలు ఉంటాయి, నాలుగు మైకులు పోతాయి. అయితే షీల్డ్ ఉన్న రకం కావాలి. షీల్డ్ లేకపోతే ఫాంటమ్‌కు తిరుగుదారి ఉండదు, మీ కండెన్సర్ మైకు పలకదు.

కింద పరిచే వైరును అత్తగారు నడిచే దారిలో ఎక్కడా వదలొద్దు. 78 ఏళ్ల వయసులో ఒక్క జారుడు చాలు. గుమ్మాల దగ్గర గడప మీదుగా కాకుండా ద్వారబంధం వెంట పైకెత్తి దాటించండి. తప్పదంటే గుడ్డ టేపుతో వైరు పొడవునా నేలకు అతికించండి. పార్సిల్ కట్టే బ్రౌన్ టేపు వద్దు, వేసవి వేడికి దాని జిగురు కరిగి వైరుకు పట్టేస్తుంది, దుమ్మంతా అంటుకుంటుంది. స్టాండు దగ్గర వైరును జానెడు గుండ్రంగా తిప్పి కాలికి కట్టండి. ఎవరి కాలైనా తగిలితే లాగుడు స్టాండు కాలి దగ్గరే ఆగుతుంది, మైకు దాకా పోదు.

కింద కూర్చుని వినడానికి ఇందాకటి మూడో 25 మీటర్ల ముక్క. అర మీటరు వైరుకు ఒక కొసన స్టీరియో పి-38 జాక్, రెండో కొసన ఫిమేల్ పిన్ను పెట్టండి. జాక్ మొన 2కి, మధ్య రింగు 3కి, పొడవాటి భాగం 1కి. ఇది ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ రంధ్రంలోకి. ఇంకో అర మీటరుకు ఒక కొసన మేల్ పిన్ను, ఇంకో కొసన పి-38 సాకెట్, అదే వరుసలో. ఇది కింద హెడ్‌ఫోన్‌కు. 25 మీటర్ల తీగ అడ్డం రెండు ఓమ్‌లే కాబట్టి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు కూడా శబ్దం తగ్గదు. ఆ వైరు రెండు కొసలకూ ఎర్ర టేపు చుట్టండి. పొరపాటున మైకు ఇన్‌పుట్‌లో పెట్టి ఫాంటమ్ వేస్తే హెడ్‌ఫోన్‌లో చెవులు అదిరే చప్పుడొస్తుంది. హెడ్‌ఫోన్ లైనులో పోయేది మైకు సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దది, కాబట్టి దాన్ని మైకు వైర్లతో కలిపి కట్టకుండా గోడకు అవతలి పక్కగా తేవాలి. క్యాట్ సిక్స్‌లో కూడా మైకుల సరసన దాన్ని పెట్టొద్దు.

రికార్డు బటను నొక్కడానికి ప్రతిసారీ మెట్లెక్కనక్కర్లేదు. రికార్డింగుకు రీపర్ సాఫ్ట్‌వేర్ వాడితే అందులోనే వెబ్ రిమోట్ ఉంది. దాన్ని ఆన్ చేసి, అది చూపే చిరునామాను వైఫైలో ఉన్న ఫోను బ్రౌజరులో తెరిస్తే రికార్డు, స్టాప్ మీ చేతిలోకొస్తాయి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే వేసుకోండి, మైకుకు రెండడుగుల దూరంలో ఉంచండి.

మిషను పైన, మైకు కింద ఉండటంలో ఒక గొప్ప లాభం ఉంది. పాట మొదలయ్యేముందు ఎంసీబీ బాక్సు దగ్గర కింది భాగం స్విచ్చులన్నీ దించేయండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, రెగ్యులేటర్లు, మోటారు అన్నీ ఒక్కసారిగా నిద్రపోతాయి. పైన కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అర గంటకు ఫ్రిజ్‌కు ఏమీ కాదు. ‘ఫ్రిజ్’ అని చీటీ రాసి హెడ్‌ఫోన్‌కు కట్టుకుంటే తీసేటప్పుడు గుర్తొస్తుంది. కంప్యూటర్ ప్లగ్గు మూడు పిన్నులదై ఉండాలి, ఆ మూడో రంధ్రానికి నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి.

చోటు ఎంపిక మీ చెవికే వదిలేస్తాను కానీ ఒకటి చెప్పాలి. చీమకుర్తి గ్రానైటు పరిచిన హాలు చూడటానికి అద్దంలా ఉంటుంది, చెవికీ అద్దమే. ప్రతి మాటా తిరిగి కొడుతుంది. మండువాలో శబ్దం పైకి ఆకాశంలోకి పోతుంది, పాటకు అది మంచిది. కాకులు, కూరగాయల బండి కేకలు లేని వేళ చూసుకోవాలి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. వాన రోజుల్లో బస్తాలు పేర్చిన గది, పరుపులు మడిచిపెట్టిన గది స్టూడియోకు తీసిపోవు.

తిరగలి పాటకు మైకును నోటికి 30, 40 సెంటీమీటర్ల దూరంలో, గడ్డం ఎత్తులో, కాస్త పక్కగా పెట్టండి. కండెన్సర్ మైకు కార్డియాయిడ్ రకమైతే వెనక వైపు శబ్దం తక్కువ తీసుకుంటుంది, ఆ వెనక భాగం రాయి వైపు ఉండేలా తిప్పండి. రాతి గరగర నేల గుండా స్టాండులోకి ఎక్కుతుంది, కాళ్ల కింద నాలుగు మడతల గోనెసంచి వేసి మైకు మీద లో-కట్ స్విచ్చు (అడుగు మోతను తగ్గించేది) ఉంటే వేయండి. రాయి చప్పుడు అసలు లేకుండా చేయొద్దు. అది ఆ పాట తాళం. వీలైతే రెండో మైకును రాయికి మీటరు దూరంలో పెట్టి విడి ట్రాక్‌లో తీసుకుంటే తర్వాత ఎంత కావాలో అంత కలుపుకోవచ్చు. స్థాయి 24 బిట్‌లో, పెద్ద గొంతు పలికినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా. పాట ముందు అందరూ నోరు మూసుకుని 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేయండి, ఏ మోత మిగిలిందో అందులో తెలుస్తుంది.

ఏదైనా తేడా వస్తే వెతికే పద్ధతి ఇది. మైకు అసలు పలకకపోతే ముందు ఫాంటమ్ వేశారా చూడండి, తర్వాత 1వ పిన్ను. శబ్దం సగానికి పడి సన్నని మోత వస్తుంటే 2, 3లో ఒకటి తెగింది. వైరు కదిపితే చిటచిట అంటే పిన్ను మెడ దగ్గర పోగులు విరిగాయి, అయిదు సెంటీమీటర్లు కోసి మళ్లీ అతకండి. వైరు మార్చినా, వానాకాలంలో మాత్రమే బుసబుస, చిటపట వస్తుంటే మైకు క్యాప్సూల్ తేమ తాగింది. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రాత్రంతా ఉంచితే సాధారణంగా తేరుకుంటుంది. చిలుమెక్కిన పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పదిసార్లు పెట్టి తీయండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే పూత పోయి నెల తిరక్కుండా మళ్లీ పడుతుంది.

విప్పేటప్పుడు ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు శబ్దం పెంచే నాబ్) సున్నాకు, తర్వాత ఫాంటమ్ ఆఫ్, అర నిమిషం ఆగి అప్పుడు పిన్ను లాగండి. వైరును మోచేతికి చుట్టొద్దు. ప్రతి చుట్టుకూ ఒక మెలి పడి లోపలి తీగలు నలుగుతాయి. ఒక చుట్టు మామూలుగా, మరుసటి చుట్టు చేతిని లోపలికి తిప్పి వెనక్కి వేయండి, మెలికి మెలి చెల్లిపోతుంది. విసిరితే ముడి పడకుండా నిటారుగా పరుచుకుంటుంది. పాత చీర పేలికతో కట్టి గోడ మేకుకు వేలాడదీయండి, నేల మీద ఉంటే ఎలుకలకు ఆహారం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, వాయుగుండాలు ఉంటాయి. ఉరుము వినపడితే పెరట్లోకి వెళ్లిన వైరును ఇంటర్‌ఫేస్ నుంచి ఊడదీసి లోపలికి తెచ్చేయండి, పాట సగంలో ఉన్నా సరే.